చిన్న ప్రాజెక్టులోనే టిక్‌లు, పెద్దదాంట్లో లేవు: ఇది పవర్ సెట్టింగ్స్ గొడవేనా?

రాగమాల_88

అందరికీ నమస్తే. ఇక్కడి పోస్టులు ఎప్పటినుంచో చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. సమస్య కాస్త వింతగా ఉంది.

విండోస్ 11 ల్యాప్‌టాప్, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, దాని సొంత ఏసియో డ్రైవర్ (ఆడియోని తక్కువ ఆలస్యంతో నడిపేది). 48 కిలోహెర్ట్జ్, బఫర్ (ఒక్కో విడతకి పంపే శాంపుల్స్ సంఖ్య) 128. ఒక పియానో, రెండు గొంతు ట్రాకులు, ఒక రివర్బ్. ఇంతే ఉన్న ప్రాజెక్టులో పాడుతుంటే అప్పుడప్పుడూ టిక్‌మని చప్పుడు వస్తోంది. రికార్డింగులోనూ పడుతోంది. టాస్క్ మేనేజర్ చూస్తే సీపీయూ 10 శాతం చుట్టూ తిరుగుతోంది.

వింత ఏంటంటే, నలభైకి పైగా ట్రాకులు, బోలెడు ప్లగిన్లు (ఎఫెక్టులు, వాయిద్యాల చిన్న ప్రోగ్రామ్‌లు) ఉన్న పెద్ద ప్రాజెక్టు అదే బఫర్‌తో తెరిస్తే చప్పుడు దాదాపు లేదు! కేబుల్ మార్చాను, పోర్ట్ మార్చాను, డ్రైవర్ కొత్తది వేశాను. పవర్ ప్లాన్‌లో హై పెర్ఫార్మెన్స్ పెట్టమని ఎక్కడ చూసినా చెబుతున్నారు. నా దాంట్లో బ్యాలెన్స్‌డ్ ఒక్కటే కనిపిస్తోంది, రెండోది లేనే లేదు.

నమ్మనుపో

బఫర్ 512 పెట్టండి. ఈ పవర్ ప్లాన్ల గోలంతా సగం మూఢనమ్మకం.

రాగమాల_88

512 పెట్టి చూశాను. చప్పుడు పోయింది, పాట కూడా పోయింది. 48 కిలోహెర్ట్జ్‌లో 512 అంటే ఒక వైపుకే 10.7 మిల్లీసెకన్లు. లోపలికి, బయటికి కలిపితే 20 దాటుతుంది. హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకే వెనకబడి వినిపిస్తుంటే పాడలేను. డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటర్ దాకా వెళ్లకుండా గొంతుని ఇంటర్‌ఫేస్ నుంచే వినడం) పెట్టుకోవచ్చు, కానీ పియానో వాయించేది సాఫ్ట్‌వేర్‌లోనే కదా, దానికి అది పనికిరాదు.

బఫర్‌బాబాయ్

రాగమాల గారూ, మీరు "పెద్ద ప్రాజెక్టులో లేదు" అని రాయకపోయి ఉంటే నేనూ బఫర్ గురించే మాట్లాడేవాణ్ని. ఆ ఒక్క ముక్క చాలావరకు చెప్పేసింది.

128 శాంపుల్స్, 48 కిలోహెర్ట్జ్ అంటే ఒక్కో బఫర్‌కి దొరికే టైమ్ 2.67 మిల్లీసెకన్లు. సెకనుకి 375 గడువులన్నమాట. అందులో 374 సమయానికి అందించి ఒక్కటి తప్పినా మీకు టిక్ వినిపిస్తుంది. టాస్క్ మేనేజర్ చూపించేది సెకను మొత్తానికి, కోర్లన్నిటికీ కలిపిన సగటు. ఆ ఒక్క తప్పిన గడువు దాంట్లో కనిపించే అవకాశమే లేదు. 10 శాతం అని ఉంటే ధీమా పడక్కర్లేదు.

చిన్న ప్రాజెక్టులో ఏమవుతుందో చూడండి. ప్రాసెసర్ ఆ బఫర్ పనిని అర మిల్లీసెకనులో ముగించేసి, మిగతా రెండు మిల్లీసెకన్లూ ఖాళీగా ఉంటుంది. ఇలా ఖాళీలే ఎక్కువ కనిపించేసరికి "ఇక్కడ పెద్దగా పనేం లేదు" అని స్పీడ్ తగ్గిస్తుంది, కోర్‌ని నిద్రపుచ్చుతుంది. గడువు వచ్చినప్పుడు లేచి, మళ్లీ స్పీడ్ అందుకుని, అప్పుడు పని మొదలుపెట్టాలి. పెద్ద ప్రాజెక్టులో ఖాళీయే దొరకదు కాబట్టి నిద్రా లేదు, స్పీడ్ తగ్గడమూ లేదు. మీ చప్పుడు అందుకే చిన్నదాంట్లో ఎక్కువ.

ఇది నిజమో కాదో తేల్చడానికి సెట్టింగ్స్ ముట్టుకోక్కర్లేదు. వెనకాల ఏదైనా తేలికపాటి పని నడిపించండి, పెద్ద ఫైల్ కంప్రెస్ చేయడం లాంటిది. టాస్క్ మేనేజర్‌లో దాని ప్రయారిటీ తగ్గించి పెట్టండి. అది నడుస్తుండగా మీ చిన్న ప్రాజెక్టులో పాడి చూడండి. పని పెరిగితే చప్పుడు తగ్గిందంటే దొంగ పవర్ మేనేజ్‌మెంటే. చప్పుడు పెరిగితే వేరే దారి వెతుకుదాం.

వేడిపెట్టె

బాబాయ్ చెప్పిన పరీక్ష ముందు చేయండి. ఈలోపు ప్లాన్ ఎందుకు కనిపించట్లేదో చెబుతాను.

మోడర్న్ స్టాండ్‌బై (ఫోన్‌లా స్క్రీన్ ఆపినా లోపల మెలకువగా ఉండే స్లీప్) ఉన్న ల్యాప్‌టాప్‌లలో విండోస్ బ్యాలెన్స్‌డ్ ఒక్కటే చూపిస్తుంది. పాడైపోయిందని కంగారు పడకండి. వీటిలో అసలు మీట వేరే చోట ఉంది: సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ, అక్కడ పవర్ మోడ్. దాన్ని బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు మార్చండి, ఎందుకంటే ఛార్జర్‌కి, బ్యాటరీకి విడివిడిగా గుర్తుంచుకుంటుంది.

పనిలో పనిగా ఛార్జర్ ఏదో చూడండి. టైప్-సీ ల్యాప్‌టాప్‌కి ఫోన్ ఛార్జరో, తక్కువ వాట్ల ఛార్జరో పెట్టి "ప్లగ్ ఇన్ చేసే ఉంది కదా" అనుకునేవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. కరెంటు చాలకపోతే కొన్ని మెషిన్లు ప్రాసెసర్‌ని 1 గిగాహెర్ట్జ్ లోపుకి తొక్కేస్తాయి. ఆ స్థితిలో మీరు ఏ ప్లాన్ పెట్టినా ఒకటే.

సన్నజాజి_మిక్స్

ఒక హెచ్చరిక. బెస్ట్ పెర్ఫార్మెన్స్ పెట్టేసి మర్చిపోవద్దు. నా ల్యాప్‌టాప్‌లో అలా పెడితే మొదటి పాట అద్భుతంగా నడిచేది, సెషన్ మధ్యకి వచ్చేసరికి వేడెక్కి స్పీడ్ పడిపోయేది. అప్పుడు మొదలయ్యే చిటపటలు రాగమాల గారి టిక్‌లకి పూర్తిగా వేరు. మొదట్లో ఉండవు, కాసేపయ్యాక మొదలై, ప్రాజెక్టు ఎంత బరువైతే అంత పెరుగుతాయి.

నేను చేసింది తలకిందులు. అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టాను. ఆ ఒక్క శాతం తగ్గిస్తే చాలా మెషిన్లలో టర్బో (మామూలు స్పీడ్ దాటి పైకి వెళ్లడం) మొత్తంగా ఆగిపోతుంది. పీక్ స్పీడ్ తగ్గింది, నిజమే. కానీ 4 గిగాహెర్ట్జ్ దాకా ఎగిరి మళ్లీ కిందపడే బదులు ఒకే స్పీడ్‌లో నిలబడింది. పైగా ఫ్యాన్ నోరు మూసుకుంది! మైక్ ఉన్న గదిలోనే ల్యాప్‌టాప్ కూడా ఉండేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

నమ్మనుపో

నాకు ఒకటి తేల్చండి. ఒకరు స్పీడ్ పెంచమంటారు, ఒకరు తగ్గించమంటారు. ఇద్దరూ చప్పుడు పోతుందంటారు. మూఢనమ్మకం అని నేనన్నది ఇందుకే.

ఇంకోటి. మినిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 పెట్టాలనే సలహా పాత చిప్‌ల కాలం నాటిది. ఇప్పటి ప్రాసెసర్లు ఆ అంకెని అసలు లెక్కలోకి తీసుకుంటాయా?

బఫర్‌బాబాయ్

ఇద్దరి జబ్బూ వేరు, మందూ వేరు. రాగమాల గారిది పని తక్కువైనప్పుడు వచ్చేది. జాజి గారిది వేడి ఎక్కువైనప్పుడు వచ్చేది. చెవికి రెండూ చిటపటలే కాబట్టి ఒకే గాటన కట్టేస్తాం.

మీ రెండో ప్రశ్న మంచిదే. 2015లో వచ్చిన స్కైలేక్ నుంచి ఇంటెల్ స్పీడ్ షిఫ్ట్ పెట్టింది. అంతకుముందు స్పీడ్ ఎంత ఉండాలో విండోస్ నిర్ణయించి చిప్‌కి చెప్పేది. ఇప్పుడు కింది హద్దు, పై హద్దు మాత్రం విండోస్ ఇస్తుంది, మధ్యలో ఎంత అన్నది చిప్పే చూసుకుంటుంది. కాబట్టి మినిమమ్ అంకె చచ్చిపోలేదు. కింది హద్దుగా బతికే ఉంది.

దాంతోపాటు ఈపీపీ అని ఇంకో అంకె ఉంటుంది. 0 నుంచి 255 దాకా. 0 అంటే "కరెంటు సంగతి నాకొద్దు, పరుగెత్తు", 255 అంటే "వీలైనంత పొదుపు చెయ్". వేడిపెట్టె చెప్పిన పవర్ మోడ్ మార్చినప్పుడు లోపల మారే వాటిలో ముఖ్యమైనది ఇదే. ఏఎండీ వైపు కూడా సీపీపీసీ పేరుతో ఇలాంటి ఏర్పాటే ఉంది.

కానీ ఇదంతా స్పీడ్ గురించే. నిద్ర వేరే సంగతి, దానికి సీ-స్టేట్స్ అని పేరు. స్పీడ్‌ని 100 శాతానికి బిగించినా, పని లేనప్పుడు కోర్ నిద్రపోతూనే ఉంటుంది. మినిమమ్ 100 పెట్టి "ఇంకా టిక్‌లు పోలేదు" అని వచ్చేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

పెంగ్విన్_పాట

నిద్ర గురించి మాట వచ్చింది కాబట్టి అంకెలు ఇస్తాను. లినక్స్ కెర్నెల్‌లో (ఆ సిస్టమ్ గుండెకాయలో) ఏ ప్రాసెసర్ ఏ నిద్రలోంచి లేవడానికి ఎంత టైమ్ పడుతుందో పట్టికగా రాసి ఉంటుంది, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. స్కైలేక్ ల్యాప్‌టాప్ తరగతికి ఇలా ఉంది, అంకె పెరిగేకొద్దీ నిద్ర గాఢం: సీ1 నుంచి లేవడానికి 2 మైక్రోసెకన్లు, సీ1ఈ 10, సీ6 85, సీ8 200, సీ10 అయితే 890.

890 మైక్రోసెకన్లంటే రాగమాల గారి 2.67 మిల్లీసెకన్లలో మూడో వంతు. 32 బఫర్ పెట్టేవాళ్లకైతే గడువే 0.67 మిల్లీసెకన్లు, అంటే లేచేలోపే గడువు అయిపోతుంది. మామూలుగా అంత తక్కువ విరామంలో సీ10కి వెళ్లకుండా కెర్నెల్ అంచనా వేసుకుంటుంది. ఎప్పుడో ఒకసారి అంచనా తప్పుతుంది. మీకు కావలసింది ఆ "ఎప్పుడో ఒకసారి" లేకపోవడమే కదా.

లినక్స్‌లో దీనికి చక్కటి ఉపాయం ఉంది. డెవ్ ఫోల్డర్‌లో సీపీయూ డీఎంఏ ల్యాటెన్సీ అనే ఫైల్ ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ అయినా అందులో ఒక అంకె రాసి ఫైల్‌ని తెరిచి ఉంచితే, అన్ని మైక్రోసెకన్ల కన్నా ఎక్కువ టైమ్ పట్టే నిద్రలోకి ప్రాసెసర్ వెళ్లదు. ప్రోగ్రామ్ మూసేస్తే ఆ ఆంక్ష పోయి మళ్లీ మామూలే. ఆర్డర్ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లోనే ఈ ఆప్షన్ ఉంది. గవర్నర్‌ని (స్పీడ్ నిర్ణయించే భాగాన్ని) పెర్ఫార్మెన్స్‌కి పెట్టడం సరేసరి. రియల్‌టైమ్ ప్యాచ్ (గడువులు తప్పకుండా చూసే మార్పులు) కూడా 6.12 వెర్షన్ నుంచి అసలు కెర్నెల్‌లో కలిసిపోయింది, ఇదివరకులా విడిగా అతికించుకునే శ్రమ తగ్గింది.

నమ్మనుపో

మొత్తానికి లినక్స్‌కి మారమంటారు. ఎవరో ఒకరు అనకుండా ఈ థ్రెడ్ ముగియదని నాకు తెలుసు.

పెంగ్విన్_పాట

అనలేదు సార్. ఆయన ప్లగిన్లన్నీ విండోస్‌వే అయి ఉంటాయి. అంకెలు ఎక్కడైనా అంకెలే, చిప్ అదే కదా.

రాగమాల_88

బాబాయ్, మీ పరీక్ష చేశాను. వెనకాల ఫైల్ కంప్రెస్ అవుతున్నంతసేపూ పాడాను, వాయించాను. టిక్‌లు బాగా తగ్గాయి. అది ఆపిన వెంటనే మళ్లీ మొదలు! ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు.

తర్వాత బెస్ట్ పెర్ఫార్మెన్స్ పెట్టాను. మునుపటికన్నా చాలా నయం. ఛార్జర్ కూడా ల్యాప్‌టాప్‌తో వచ్చిందే. అయినా పూర్తిగా పోలేదు, అక్కడక్కడా ఒకటి మిగులుతోంది. ఇప్పుడు నిద్ర ఆపేయాలా? ఒక వీడియోలో "ప్రాసెసర్ ఐడిల్ డిజేబుల్" అని చూపించారు. పెట్టేయనా?

వేడిపెట్టె

ల్యాప్‌టాప్‌లో వద్దు! అది పెడితే కోర్లన్నీ క్షణం కూడా పడుకోకుండా ఊరికే తిరుగుతూ ఉంటాయి. టాస్క్ మేనేజర్ 100 శాతం చూపిస్తుంది, పని ఏమీ లేకపోయినా. వేడి, ఫ్యాన్ మోత, ఆపైన జాజి గారు చెప్పిన త్రాట్లింగ్, అంటే వేడికి స్పీడ్ పడిపోవడం. ఒక జబ్బు పోగొట్టబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టు.

ల్యాప్‌టాప్ చిప్‌కి రెండు పవర్ హద్దులు ఉంటాయి. కాసేపు ఎక్కువ వాట్లు లాగనిస్తుంది, ఇంటెల్ మొబైల్ చిప్‌లలో ఆ కాసేపు తరచూ 28 సెకన్ల లెక్క. తర్వాత తక్కువ హద్దుకి దించేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు కూడా వాట్లు తగలేస్తే, నిజంగా పని పడ్డప్పుడు వాడుకోవడానికి ఏమీ మిగలదు.

బఫర్‌బాబాయ్

ల్యాప్‌టాప్ వరకు ఒప్పుకుంటాను. డెస్క్‌టాప్‌లో, మంచి కూలర్ ఉంటే, బయోస్‌లోకి (మదర్‌బోర్డ్ సొంత సెట్టింగ్స్‌లోకి) వెళ్లి లోతైన సీ-స్టేట్స్ వరకు ఆపుకోవచ్చు. ఏఎండీ బోర్డుల్లో గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్ అని కనిపిస్తుంది. సీ1 ఉంచండి, 2 మైక్రోసెకన్లలో లేచేదానితో మనకి పేచీ ఏముంది?

వేడిపెట్టె

డెస్క్‌టాప్‌లో కూడా ఒక మెలిక ఉంది బాబాయ్. ఒక్క కోర్‌కి దొరికే అత్యధిక టర్బో చాలా ఇంటెల్ చిప్‌లలో మిగతా కోర్లు గాఢంగా నిద్రపోతేనే దొరుకుతుంది. నిద్ర మొత్తం ఆపేస్తే అన్ని కోర్లూ మెలకువగా ఉన్నట్టే లెక్క, కాబట్టి అందరికీ కలిపి ఇచ్చే తక్కువ టర్బోయే వస్తుంది. ఒకే ట్రాక్ మీద బరువైన ప్లగిన్లు వరసగా పెట్టేవాళ్లకి ఆ ఒక్క కోర్ స్పీడే ప్రాణం. సీ-స్టేట్స్ ఆపి "నా మెషిన్ ముందుకన్నా తక్కువ ప్లగిన్లు లాగుతోంది" అన్నవాళ్లని చూశాను.

బఫర్‌బాబాయ్

అదీ నిజమే. రికార్డింగ్ ఎక్కువ చేసేవాళ్లకి ఒకటి, మిక్సింగ్ ఎక్కువ చేసేవాళ్లకి ఇంకొకటి. అయితే రికార్డింగ్‌లో 64 బఫర్ దగ్గర కూర్చున్నప్పుడు నేను ఆ కాస్త టర్బో వదులుకోవడానికి సిద్ధమే. మీరు కాకపోవచ్చు.

కొత్తస్వరం

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఒకే ట్రాక్, ఒకే కోర్ అన్నారు. నాది 8 కోర్ల ప్రాసెసర్. ఒక ట్రాక్ బరువైతే మిగతా కోర్లు పంచుకోవా?

సన్నజాజి_మిక్స్

పంచుకోలేవమ్మా. ఒక ట్రాక్‌లో ఈక్వలైజర్ తర్వాత కంప్రెసర్, తర్వాత యాంప్, తర్వాత రివర్బ్ ఉంటే, మొదటిది ముగిస్తేగానీ రెండోదానికి ఇన్‌పుట్ లేదు. వరసలో వంట చేస్తున్నట్టు: కూరగాయలు తరగందే పోపులో వేయలేం, వంటింట్లో ఎంతమంది ఉన్నా సరే. వేర్వేరు ట్రాకుల్ని వేర్వేరు కోర్లకి పంచుతుంది, ఒకే గొలుసుని కాదు. ఆ ట్రాక్ బస్‌కి (కొన్ని ట్రాకుల్ని కలిపే దారి), బస్ మాస్టర్‌కి (చివరి అవుట్‌పుట్) వెళ్తే, ఆ దారి మొత్తం ఒకే గొలుసు. అందుకే మాస్టర్ మీద లుకహెడ్ లిమిటర్లు, లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ల లాంటి ఆలస్యం తెచ్చే ప్లగిన్లు పెట్టి దాని మీద పాడబోతే కష్టం. ఆలస్యం కూడా అక్కడే పోగవుతుంది.

కొత్తస్వరం

అర్థమైంది మేడమ్, థాంక్స్. ఇంకో సందేహం. నా ల్యాప్‌టాప్ ఛార్జర్ పెడితే స్పీకర్లలో సన్నగా హమ్, కీచుమనే శబ్దం వస్తాయి. తీస్తే హమ్ పోతుంది, కానీ అప్పుడు చిటపటలు మొదలవుతాయి. ఏది భరించాలి?

వేడిపెట్టె

రెండూ భరించక్కర్లేదు. హమ్ గ్రౌండ్ లూప్ లక్షణం, దానికీ ప్రాసెసర్‌కీ సంబంధం లేదు. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ కేబుల్స్ వాడండి, అన్నీ ఒకే పవర్ స్ట్రిప్ నుంచి ఇవ్వండి. స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ లేకపోతే మధ్యలో లైన్ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సిగ్నల్‌ని వెళ్లనిచ్చి గ్రౌండ్‌ని విడదీసే డబ్బా). ఛార్జర్ ప్లగ్‌కి ఉన్న ఎర్త్ పిన్ మాత్రం ఎవరు చెప్పినా విరిచేయకండి, షాక్ కొడుతుంది.

చిటపటలు ఎందుకంటే, ఛార్జర్ తీయగానే విండోస్ బ్యాటరీ వరసలోకి మారుతుంది, అక్కడ అన్నీ పొదుపు విలువలే. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రతిదానికీ "ఆన్ బ్యాటరీ", "ప్లగ్‌డ్ ఇన్" అని రెండు గడులు ఉంటాయి. చాలామంది రెండోదే మార్చి ఊరుకుంటారు. అయినా బ్యాటరీ మీద చిప్ లాగగలిగే వాట్లే తక్కువ కాబట్టి, హమ్ సంగతి ముందు తేల్చుకుని ఛార్జర్ మీదే పని చేయండి.

రాగమాల_88

మళ్లీ నేనే. మిగిలిన టిక్‌ని ఈరోజు శ్రద్ధగా విన్నాను. ముందు వచ్చేవి ఎప్పుడంటే అప్పుడు వచ్చేవి. ఇది అలా కాదు, మెట్రోనోమ్ వేసినట్టు దాదాపు సమాన వ్యవధిలో వస్తోంది. ప్రాజెక్టు చిన్నదైనా పెద్దదైనా ఒకటే. ఇదీ నిద్రేనా?

బఫర్‌బాబాయ్

కాదు. లయలో వచ్చే టిక్ దాదాపు ఎప్పుడూ ఏదో డ్రైవర్ పనే. ఎవరో టైమర్ పెట్టుకుని లేచి, ప్రాసెసర్‌ని కాసేపు గుప్పిట్లో పెట్టుకుని వదులుతున్నారు. ల్యాటెన్సీమాన్ అనే కొలిచే ప్రోగ్రామ్ నడపండి. డ్రైవర్స్ ట్యాబ్‌లో డీపీసీ టైమ్ (డ్రైవర్ ప్రాసెసర్‌ని పట్టి ఉంచే సమయం) ఎక్కువ ఎవరిదో, వరస పేర్చుకుని చూడండి. అది నడిపేటప్పుడు బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లోనే ఉండండి, లేకపోతే స్పీడ్ తగ్గడం వల్ల వచ్చే ఆలస్యం కూడా డ్రైవర్ల ఖాతాలో పడి లెక్క తప్పుతుంది.

వైఫై ఆపి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి. అది మొదటి అనుమానితుడు.

రాగమాల_88

వైఫై ఆపినా మార్పు లేదు. జాబితాలో పైన ఏసీపీఐ డ్రైవర్ కనిపిస్తోంది.

వేడిపెట్టె

ఏసీపీఐ అంటే పవర్, బ్యాటరీ వ్యవహారాలు చూసేది, అయితే అనుమానం బ్యాటరీ మీదే. ఛార్జ్ ఎంత ఉందో, టెంపరేచర్ ఎంతో అని విండోస్ మధ్యమధ్యలో మదర్‌బోర్డ్ కంట్రోలర్‌ని అడుగుతుంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ ఆ జవాబు ఇవ్వడానికి చాలా సేపు తీసుకుంటుంది. ముందు బయోస్ అప్‌డేట్ ఉందేమో చూడండి, చాలాసార్లు అక్కడే సరిచేస్తారు. లేకపోతే డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద కంట్రోల్ మెథడ్ బ్యాటరీ అని ఉంటుంది, దాన్ని రికార్డింగ్ చేసేటప్పుడు డిజేబుల్ చేయండి.

గుర్తుంచుకోండి, అది ఆపి ఉంటే ఛార్జ్ శాతం కనిపించదు, బ్యాటరీ అయిపోతోందన్న హెచ్చరికా రాదు. ఛార్జర్ ఊడితే చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. పని అయ్యాక తిరిగి ఎనేబుల్ చేయడం మర్చిపోవద్దు.

సన్నజాజి_మిక్స్

ఈ గొడవలతో విసిగి నేను రెండో మెషిన్‌గా యాపిల్ చిప్ మ్యాక్ తీసుకున్నాను. అక్కడ ఈ పవర్ ప్లాన్లూ ఉండవు, బయోస్ ఉండదు. అంటే సమస్యలు లేవని కాదు, మీటలు లేవంతే. 2020లో వచ్చిన ఎం1లో 4 వేగం కోర్లు, 4 పొదుపు కోర్లు. ఆడియో థ్రెడ్‌లన్నీ (ప్రోగ్రామ్ లోపల సమాంతరంగా నడిచే పనులు) ఒకే గడువు కోసం పనిచేస్తున్నాయని సిస్టమ్‌కి తెలియాలి, దానికి మ్యాక్ఓఎస్ 11 నుంచి ఆడియో వర్క్‌గ్రూప్స్ అనే ఏర్పాటు ఉంది. సొంతంగా థ్రెడ్‌లు పుట్టించే ప్లగిన్ ఆ గుంపులో చేరకపోతే దాని పని పొదుపు కోర్ మీద పడొచ్చు. మన చేతిలో ఉన్నది తక్కువ: ప్లగిన్ అప్‌డేట్ చేసుకోవడం, లో పవర్ మోడ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోవడం. ఆ లో పవర్ మోడ్ బ్యాటరీకి ఆన్‌లో ఉండి, స్టేజ్ మీద బయటపడినవాళ్లు ఉన్నారు.

నమ్మనుపో

ఇప్పుడు విండోస్‌లోనూ అవే రెండు రకాల కోర్లు కదా, 2021లో ఇంటెల్ 12వ తరం నుంచి. నాదీ అదే. అక్కడ ఏ పని ఏ కోర్‌కి వెళ్తుందో ఎవరు చూస్తారు?

బఫర్‌బాబాయ్

విండోస్ 11 అయితే చిప్‌లోని థ్రెడ్ డైరెక్టర్ ఇచ్చే సూచనలు చూసి పంచుతుంది, విండోస్ 10లో ఆ సహకారం అంత లేదు. డీఏడబ్ల్యూ (మనం రికార్డింగ్ చేసే ప్రోగ్రామ్) తన ఆడియో థ్రెడ్‌లని ఎంఎంసీఎస్ఎస్ అనే సర్వీస్ దగ్గర ప్రో ఆడియో కింద నమోదు చేసుకుంటుంది, కాబట్టి వాటికి పెద్దపీట. ప్లగిన్ సొంతంగా పుట్టించిన థ్రెడ్‌లకి ఆ ప్రాధాన్యం దానంతటది రాదు. ఇక్కడ కూడా జాజి గారి మాటే.

పొదుపు కోర్లని బయోస్‌లో ఆపేయమని కొందరు చెబుతారు. మిక్సింగ్ చేసేవాళ్లు చేయకండి, ట్రాకులు పంచుకునే చేతులు పోగొట్టుకుంటారు. ముందు కొలిచి చూడండి. రీపర్ అనే డీఏడబ్ల్యూ వాడేవాళ్లు పెర్ఫార్మెన్స్ మీటర్‌లో ఆర్‌టీ లాంగెస్ట్ బ్లాక్ అనే అంకె చూడండి. ఒక్కో బఫర్‌కి అత్యధికంగా పట్టిన టైమ్ అది. దాన్ని గడువుతో పోల్చండి, 128కి 2.67. సగటు కాదు, గరిష్ఠం. ఈ థ్రెడ్‌లో చెప్పిన ఏ సెట్టింగ్ మార్చినా, ముందూ తర్వాతా ఆ అంకె చూస్తే మూఢనమ్మకమో కాదో నమ్మనుపో గారే తేల్చేయొచ్చు.

నమ్మనుపో

సరే, చూశాను. ఖాళీ ప్రాజెక్టు, ఒక్క సింథ్. బ్యాలెన్స్‌డ్‌లో లాంగెస్ట్ బ్లాక్ 1.1 దాకా ఎగురుతోంది. బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో 0.4 దాటట్లేదు. మినిమమ్ స్టేట్ 100 పెట్టినా పెట్టకపోయినా నా చిప్‌లో తేడా కనిపించలేదు. యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడని యూఎస్‌బీ పరికరాల్ని నిద్రపుచ్చే సెట్టింగ్) ఆపినా తేడా లేదు. సగం మూఢనమ్మకం అన్నాను కదా, ఆ మాట మీదే ఉన్నాను.

బఫర్‌బాబాయ్

మిగతా సగం ఒప్పుకున్నందుకు సంతోషం :)

యూఎస్‌బీ సస్పెండ్ అసలు ఈ అంకెలో కనిపించదు. ఇంటర్‌ఫేస్ ఉన్నట్టుండి కనిపించకుండా పోవడం, కాసేపు ఊరుకుంటే మిడీ కీబోర్డ్ మొదటి నోట్ మింగేయడం, వాటికోసం అది. అలాంటివి లేకపోతే ముట్టుకోకండి.

రాగమాల_88

బయోస్ అప్‌డేట్ దొరికింది, వేశాను. లయలో వచ్చే టిక్ పోయింది, బ్యాటరీని డిజేబుల్ చేసే అవసరం రాలేదు. పవర్ మోడ్ బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో ఉంచాను, మినిమమ్ స్టేట్ ముట్టుకోలేదు, నిద్ర జోలికీ పోలేదు. 128లో పూర్తి టేక్ శుభ్రంగా వచ్చింది. 64లో ఇంకా అప్పుడప్పుడూ ఒకటి పడుతోంది, నాకు 64 అక్కర్లేదు కాబట్టి వదిలేశాను.

ఒక్క ప్రశ్న. మామూలు పనులకి ఇది అనవసరంగా వేడెక్కుతోంది. డీఏడబ్ల్యూ తెరిచినప్పుడే మారేలా పెట్టొచ్చా?

వేడిపెట్టె

క్యూబేస్ అయితే స్టూడియో సెటప్‌లో స్టైన్‌బర్గ్ ఆడియో పవర్ స్కీమ్ అని టిక్ పెట్టే గడి ఉంది. ప్రోగ్రామ్ తెరిచి ఉన్నంతవరకే పనిచేసి, మూయగానే పాత ప్లాన్‌కి తిరిగి వస్తుంది. వేరేదైతే, ఇప్పుడున్న బ్యాలెన్స్‌డ్‌ని ఆధారంగా చేసుకుని కంట్రోల్ ప్యానెల్‌లో క్రియేట్ ఎ పవర్ ప్లాన్ నొక్కి "రికార్డింగ్" పేరుతో ఇంకోటి చేసుకోండి. రెండు ప్లాన్లకీ ఒక్కో బ్యాచ్ ఫైల్ (కమాండ్లని వరసగా నడిపే చిన్న టెక్స్ట్ ఫైల్) రాసి డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటే డబుల్ క్లిక్‌తో మారుతుంది. మోడర్న్ స్టాండ్‌బై మెషిన్లలో పవర్ మోడ్ మీట బ్యాలెన్స్‌డ్ ప్లాన్‌లో ఉన్నప్పుడే కనిపిస్తుంది, కొత్త ప్లాన్‌లోకి వెళ్తే మాయమవుతుంది. అప్పుడు కొత్త ప్లాన్ లోపలి విలువలే చెల్లుతాయి, కాబట్టి అందులో మినిమమ్ స్టేట్ మీరే పెంచుకోవాలి. మీది ఏ డీఏడబ్ల్యూ?

రాగమాల_88

రీపర్.

బఫర్‌బాబాయ్

అయితే బ్యాచ్ ఫైలే. అందులో మూడు లైన్లు చాలు: ప్లాన్ మార్చడం, రీపర్‌ని తెరిచి అది మూసేదాకా ఆగడం, తిరిగి బ్యాలెన్స్‌డ్‌కి రావడం. రెండో లైన్‌లో ఆగమని చెప్పే స్విచ్ పెట్టకపోతే, రీపర్ తెరుచుకునేలోపే మూడో లైన్ నడిచిపోయి మళ్లీ మొదటికొస్తారు. రాసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.